డీర్ అనే మాట, జిలాని తెచ్చిన కవరు

సీబ్,
18 జూన్ 2008, బుధవారం.

మా ఫర్జానాకు అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా, మోకాలి నొప్పి కూడా తగ్గింది. కడపలో నువ్వూ పిన్నమ్మా చల్లగా ఉన్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. కార్డు అయిపోతోందన్న వంకతో మధ్యలో ఆపేసే వీలు నాకు ఉండకూడదనే కాగితం తీసుకున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. ఎండలు మన కడపను మరిపిస్తున్నాయి. వంటగదిలో ఏసీ ఉంది, కానీ మంట సరిగా నిలవదని మా వంటమనిషి తిరుపతమ్మ ఆపేస్తుంది. ఈ ఇంటి పిల్లలకు చదువు చెప్తున్నావా, అన్నం తినిపిస్తున్నావా అన్నావు. రెండూ. ఎమ్మే ఇంగ్లీషు చదివి ప్రొద్దుటూరులో పదకొండేళ్లు పాఠాలు చెప్పిన ఆయా దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు?

ఇక నీ మాట. మీ నాన్న పోయాక నేనీ గల్ఫ్ దేశానికి పనికి వచ్చిన ఈ ఆరేళ్లలో నువ్వు ప్రతి ఉత్తరం చివర ఒక ఇంగ్లీషు మాట రాయడం, అది ఎక్కడ పుట్టిందో నేను వెతికి రాయడం మనకు అలవాటు. ఈసారి ‘డీర్’ అని రాసి, దాని కిందే, “నువ్వు వెతకొద్దులే అమ్మా, సంధ్య మేడమ్ చెప్పేసింది” అని చేర్చావు. ఒకప్పుడు డీర్ అంటే జింక ఒక్కటే కాదు, ఏ జంతువైనా డీరేనని నాకే పాఠం చెప్పావు.

నాకు కడుపు మండింది తల్లీ. దాచను.

నిన్న మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక పెద్దబ్బాయి గదిలోంచి లావుపాటి నిఘంటువు తెచ్చి వంటగది బల్ల మీద తెరిచాను. మీ మేడమ్ చెప్పింది తప్పయి ఉండాలని కోరుకుంటూనే తెరిచాను. తప్పు కాలేదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు జంతువనే అర్థం. తర్వాత ఫ్రెంచి వైపు నుంచి బీస్ట్, లాటిన్ నుంచి యానిమల్ వచ్చి ఆ చోటు తీసుకుంటే, పాతది జింక దగ్గర ఆగిపోయింది. జర్మన్లు జంతువును టీర్ అంటారు, అదీ దీనికి తోబుట్టువే. మన వైపు చూడు. సంస్కృతంలో మృగమన్నా అంతే, అడవి జంతువూ అదే, జింకా అదే. ఇప్పుడు నడుస్తున్న మృగశిర కార్తెలో ఉన్నది జింక తలే. తెలుగులో మాత్రం మృగమంటే ముందు పులే గుర్తొస్తుంది. ఇది మీ మేడమ్ చెప్పిందా? చెప్పి ఉంటే నాకు రాయకు.

తిరుపతమ్మ నన్నే చూస్తోంది. ఆమెది రావులపాలెం వైపు, నోరు ఊరుకోదు.

“అంత లావు పుస్తకంలో ఏం పడిపోయిందండీ రషీదమ్మగారూ?”

“జింక.”

“దొరికితే ఇటివ్వండి, ఇగురు పెట్టేత్తాను.” మళ్లీ ఆమే అంది: “మీ కోపం జింక మీద కాదులెండి. ఆ మేడంగారి మీద. మరి జిలాని ఏం చేశాడండీ, పాపం? ఆ రోజు గేటు దగ్గర ఊరగాయ జాడీ నేనందుకున్నాను. కవరు మీరందుకున్నారు.”

నిఘంటువు మూసేశాను.

ఫర్జానా, నీ కవరు నాకు చేరింది. పక్క వీధిలో డ్రైవరు పని చేసే జిలాని సెలవు నుంచి వచ్చిన రోజే, మూడు వారాల కిందటే నా చేతికిచ్చాడు. ఇప్పుడు నేను జవాబు రాస్తున్న ఉత్తరం, నీ హైదరాబాద్ హాస్టల్ ఫారం రెండూ అందులోనే ఉన్నాయి. నువ్వు ఫోన్లో అడిగితే రాలేదన్నాను. కొత్త ఫారం పంపనా అంటే చూద్దాంలే అన్నాను. గడువు ఈ నెలాఖరని తెలిసే అన్నాను.

పిన్నమ్మ జిలాని ఇంటికి వెళ్లి, కవరు పోగొట్టాడని అతని తల్లితో పోట్లాడిందని జిలాని చెబితేనే తెలిసింది. పదేళ్లుగా మన కడపవాళ్ల ఉత్తరాలు మోసిన మనిషికి ఇప్పుడు ఒక్కరూ కవరు ఇవ్వడం లేదు. ఇక్కడే పని చేసే మన ఊరి షఫీకి ఇస్తున్నారు. పోయిన వారం గేటు బయట నిలబడి అడిగాడు: “ఆపా, కవరు మీ చేతికే ఇచ్చినా గదా? ఒకసారి గుర్తు తెచ్చుకోండి.” వెతుకుతానన్నాను. నా కంటే చిన్నవాడు, నన్ను అక్కగా పిలిచేవాడు, నా మొహం చూడలేక తల దించుకున్నాడు.

ఈ ఉదయం పిలిచి నిజం చెప్పాను. “అట్లనా ఆపా” అన్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, “నాకు కాదు, మా అమ్మకు చెప్పండి” అన్నాడు. అందుకని ఇది అందిన రోజే పిన్నమ్మను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లు. కవరు చేరింది అన్న దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఆ పెద్దామెకు గట్టిగా చదివి వినిపించు. నన్ను ఏమన్నా అడ్డు చెప్పొద్దు.

ఎందుకు దాచానంటావా? ఫారంలో, హైదరాబాదులో సంరక్షకులు అన్న చోట సంధ్య మేడమ్ పేరు నువ్వు పెన్సిల్‌తో రాశావు. కడపలో నీకు పాఠాలు చెప్పి అక్కడికి మారిపోయిన ఆవిడ నిన్ను చూసుకుంటాననడం మంచిదే, అంతవరకు నాకు తెలివి ఉంది. పక్కనే బంధుత్వం అన్న గడిలో ‘అమ్మలాంటిది’ అని రాశావు. మూడు వారాలు ఆ ఒక్క మాటతో కాపురం చేశాను. నీకు జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది ఆవిడేనా, నువ్వు ఏడిస్తే ముందు వినేది ఆవిడేనా అని. ఇక్కడ ముగ్గురు పరాయి పిల్లలు నా ఒళ్లో నిద్రపోతారు, వాళ్లమ్మకు ఎలా ఉంటుందో ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఫారం దీనితోనే ఉంది. ఎల్లుండి షఫీ బయలుదేరుతున్నాడు, సోమవారానికల్లా నీకు అందిస్తానన్నాడు. నా సంతకం పెట్టాను. మేడమ్ పేరు మీద నేనే పెన్నుతో దిద్దాను. బంధుత్వం గడిలో నువ్వు రాసింది మాత్రం చెరిపేసి ‘అధ్యాపకురాలు’ అని రాశాను. ఇంతకంటే నాకు మనసు రాలేదు. నీకు అది సరిపోదనిపిస్తే మార్చుకో. ఆ ఒక్క మాటా పెన్సిల్‌తోనే రాశాను.

ఇట్లు,
నీ జవాబు కోసం భయపడుతూ,
మీ అమ్మ
రషీదున్నీసా