కిటికీలోంచి అందించిన పాప

చిక్కడపల్లి,
12-8-1994.

అన్నయ్యకు నమస్కారాలతో, వదిన మీద కాస్త కోపంతో రాస్తున్నాను.

నీ పాత ఫియట్ కారు మాకే ఇచ్చేస్తానన్నావు. ఆ మాటకే నా కడుపు నిండింది. కానీ వద్దన్నయ్యా. బస్సు సంగతి వదిన నీకు సగమే చెప్పినట్టుంది.

ఆ రోజు పాపను నారాయణగూడలో మా అత్తగారింట దింపి ఆఫీసుకు వెళ్లాలి. బస్సు కిక్కిరిసి ఉంది. అందరూ చేసే పనే నేనూ చేశాను. కిటికీ పక్కన కూర్చున్నామెకు పాపను అందించి తలుపు వైపు పరిగెత్తాను. నేను ఎక్కేలోపే బస్సు కదిలింది. అరుస్తూ వెంట పరిగెత్తాను.

లోపలినుంచి ఆమె కేక వినిపించింది. "ఆపుండ్రి! పిల్ల తల్లి ఎక్కలే!"

వెంటనే బస్సంతా అరిచింది. డ్రైవరు నడిరోడ్డు మీదే ఆపేశాడు. వెనక ఎన్ని హారన్లు మోగినా నేను ఎక్కేదాకా కదల్లేదు. పాప మాత్రం ఆమె గాజులతో ఆడుకుంటోంది.

"పరేషాన్ గాకక్కా, నా ఒళ్లనే ఉంది" అంది. ఆమె పేరు మాసమ్మ. ఇళ్లు కట్టేచోట కూలికి వెళ్తుంది.

అప్పటినుంచి బస్సు మా స్టాపుకు రాగానే కిటికీలోంచి మాసమ్మ చేతులు బయటికొస్తాయి. అమ్మకు ఇవేవీ చెప్పకు, కంగారు పడుతుంది.

నిన్న మాసమ్మ రాలేదు. పాప అలవాటు కొద్దీ కిటికీ వైపు చేతులు చాపింది. ఎవరో పెద్దావిడ, నేను అడగకుండానే, అందుకుంది.

నీ చెల్లెలు