మొదటి బిందె

అక్కకి,

చదివాక ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. చదవకుండా మాత్రం చించకు.

ఏడేళ్లుగా మన పేట కుళాయి నీళ్లు పరీక్షించి "తాగవచ్చు" అని సంతకం చేస్తున్నది నేనే. అబద్ధం రాయలేదక్కా. మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. కుళాయి తిప్పి, ఐదు నిమిషాలు నీళ్లు వదిలేశాకే బాటిల్ పట్టాలి. తక్కిన వీధుల్లో రోజంతా నీళ్లొస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మన కొండవాళ్ల పేటకు వచ్చేదే పదిహేను నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు పారబోసే ఇల్లాలు ఎవరు? పాత సీసపు గొట్టంలో రాత్రంతా నిలవుండి సీసం దిగిన నీళ్లే మీ మొదటి బిందె. ఆ సంగతి ల్యాబ్‌లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

పాప రెండో తరగతికొచ్చినా పది దాటి లెక్కపెట్టలేకపోతోందని నువ్వు రాసినప్పుడు, సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుందని చదివింది గుర్తొచ్చింది. మంగళవారం మీ ఇంటికొచ్చి, మొదటి బిందెలోంచి బాటిల్ నింపుకెళ్లింది అందుకే. దారిలో దాహానికని నీతో అబద్ధమాడాను. ఆ నీళ్లలో సీసం ఉండాల్సిన హద్దుకు తొమ్మిదింతలుంది.

ఆఫీసర్‌గారికి చూపిస్తే, "ఇది పద్ధతి ప్రకారం పట్టింది కాదుగా. పాత గొట్టం మార్చమని వాళ్లు పెట్టిన అర్జీ మీద సోమవారం విచారణ. పాత రిపోర్టులే సరైనవని సంతకం పెట్టండి. అయినా ఆ పేటవాళ్లంటే మీకెందుకంత ప్రేమ?" అన్నారు. నాదీ ఆ పేటేనని ఆయనకు తెలియదు. ఉద్యోగంలో చేరినప్పుడు మన పేట దాచి, అత్తగారి వీధి చిరునామా రాశాను. "వాళ్లకి ఏ నీళ్లైనా ఒకటేలే" అని పక్కబల్ల ఆయన జోకేస్తే నవ్వాను కూడా.

సంతకం పెట్టను. విచారణకూ వెళ్లను. రాజీనామా రాసేశాను. మీకు నా మొహం చూపించలేను. పాపకు ఆ నీళ్లు తాగించకు.

నీ చెల్లెలు

*

ఏమే చెల్లీ,

ఏడ్చావా? ముక్కు చీదుకుని చదువు.

సంతకం నీదని మాకు తెలియదనుకున్నావా? ఆ రిపోర్టు నెలనెలా మా ట్యాంకు గోడకే అంటిస్తారు. సంతకం చివర ఆ తోక నేను నేర్పిందే. మన పిల్ల చూసిన నీళ్లు కదా అని ధీమాగా తాగాం. నా కూతురికి నా చేత్తో పట్టాను. నిన్న రక్తపరీక్షలో సీసం ఉందన్నాడు డాక్టరు. నిన్ను క్షమించానని రాయలేను. కోపం ఇంకా తగ్గలేదు.

అందుకే రాజీనామా చించెయ్. నువ్వు రాకపోతే అక్కడ నీ ఏడేళ్ల కాగితాలే మాట్లాడతాయి. చేతులు కాలాక ఆకులెందుకని కూర్చోకు. కాలని చేతులు ఈ పేటలో ఇంకా చాలా ఉన్నాయి.

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. కొందరు నిన్ను తిట్టారు, దాచను. ఇవాళ పొద్దున్నే మాత్రం ప్రతి ఇల్లూ మొదటి బిందెలోంచి బాటిల్ నింపి, మూత మీద ఇంటి నంబరు రాసింది. మొత్తం నలభై మూడు బాటిళ్లు. మేనత్త దగ్గుమందు బాటిల్ కడిగి తెచ్చింది, అది పనికొస్తుందో లేదో నువ్వే చెప్పాలి. సోమవారం అన్నీ మోసుకొస్తున్నాం. వాటిలో ఏముందో చెప్పే చదువు మాలో నీకొక్కదానికే ఉంది. లేచి నిలబడి, ముందు నీది ఏ పేటో చెప్పు. తర్వాత నీళ్ల సంగతి చెప్పు. ఉద్యోగం వాళ్లు పీకితే పీకనీ.

నీ అక్క

తా.క. పాపకు పక్క వీధి నుంచి రోజూ రెండు బిందెలు మోస్తున్నాను. విచారణ అయ్యాక ఇంటికి రా. ఒకటి నీ నెత్తిన పెడతాను.