ఎనిమిది పలకల నత్త

ఇరవయ్యో తేదీ, ఆదివారం

వదినకు,

నీ ఆడపడుచు నమస్కారాలు. ఇక్కడ అన్నయ్య, నేను, నీ మొక్కలు అందరం బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావో అడగను. పుట్టింటికి వెళ్ళి పది రోజులైంది, ఫోను ఎత్తడం లేదు, ఇంక అడిగేదేముంది?

అన్నయ్య నిన్న పాలు మాడ్చి, తప్పంతా గిన్నెదేనని నాతో వాదించాడు. నవ్వాను గానీ నీ గది వైపు చూడబుద్ధి కావడం లేదు.

మీ అమ్మగారు చెప్పారు, ఒకటో తారీఖున పరిశోధన కేంద్రంలో రాజీనామా ఇచ్చేస్తావట. ఆరేళ్ళుగా నెలనెలా సముద్రపొడ్డున ఆ ఇరవై రాళ్ళూ ఎత్తి, కింద నత్తల్ని లెక్కపెట్టిన నా చేతులే వాటిని చంపాయి అన్నావట. అవేం మాటలు వదినా! గోరంత నత్త, వీపున ఎనిమిది పలకలు, వెలుతురు తగిలితే చాలు రాయి కిందికి పాకే సిగ్గరి. దాని కోసం నువ్వు మోకాళ్ళు గీరుకుపోయేలా కూర్చునేదానివి. చూశాక ప్రతి రాయినీ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఉన్నచోటే పెట్టేదానివి. దుప్పటి కూడా కప్పకపోయావా అని ఎగతాళి చేసింది నేనే కదా.

సముద్రం వేడెక్కిందేమో, ఏదైనా జబ్బు వచ్చిందేమో. నీ తప్పు మాత్రం కాదు. ఆ కాగితం ఇవ్వకు, నా మాట విను.

ఉంటాను,
నీ ఆడపడుచు

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. సముద్రమూ కాదు, జబ్బూ కాదు. పోయిన నెల నీకు జ్వరమొస్తే నీ బదులు నేను వెళ్ళాను కదా. ఒక్కో రాయీ ఎత్తి, లెక్కపెట్టి, వెంటనే బోర్లించమని మూడుసార్లు చెప్పావు. నేను మహా తెలివిగా ఇరవై రాళ్ళూ ముందే తిరగేసి, ఒక్క ఊపులో లెక్కపెట్టేశాను. ఎండ మాడ్చేస్తోంది, నడుము పట్టేసింది. కెరటాలొస్తే అవే సర్దుకుంటాయిలే అని వచ్చేశాను. అన్నీ బోర్లించానని నీకు చెప్పాను. నా బంగారమే అని మెచ్చుకున్నావు.

మనసాగక సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. నీళ్ళింకా అంతదూరం రాలేదు. నత్తలన్నీ ఎండి రాళ్ళకు అతుక్కుపోయాయి. అప్పుడు బోర్లించాను వదినా, ఒక్కొక్కటీ, నీకు తెలియకూడదని. రాజీనామా చింపెయ్. దాని బదులు ఈ కాగితం ఇవ్వు.