కిటికీ అవతలి కూత

గిరిబాబు బావకు,

డ్యూటీలో ఫోన్ ఎత్తవు గనక ఈ ఉత్తరం అక్కకిచ్చాను. నిన్న నీ ఇంజిన్ వెళ్తుంటే మా బడి కిటికీలు ఎందుకు మూశారని అడిగావట.

శబ్దం కొలిచే సౌండ్ సెన్సర్ల కోసం పైవాళ్ళని అడిగి అడిగి విసిగిపోయి, డాప్లర్ ప్రయోగం పిల్లలకు కంప్యూటర్లోనే చూపిస్తున్నాను. తెరమీద బొమ్మ రైలు కూత దగ్గరయ్యేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది. పక్కన గ్రాఫ్ పడుతుంది. సరిగ్గా అప్పుడే నువ్వు కూత వేశావు.

లేచి కిటికీలు మూసింది నీ కూతురు పూజే. "మావయ్యా, బయట బండి గోలకి రైలు కూత ఇనబడ్డం నేదు" అంది. పిల్లలెవరూ నవ్వలేదు. నేనూ తెరమీది రైలునే మళ్ళీ నడిపించాను.

రేపు ఆ వేళకే వస్తే, రూల్సు ఒప్పుకుంటే, కాస్త పొడుగ్గా కూత వెయ్యి. కంప్యూటర్ ఆపేసి ఉంచుతాను. కిటికీలు పూజ చేతే తెరిపిస్తాను.

నీ బావమరిది