బుట్టలో పెట్టిన సగం పనులు

మార్చి 18, మంగళవారం

చి.సౌ. బంగారుతల్లికి,

మీ నాన్న నిండు మనసుతో ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు ఈ మధ్య కాస్త ఆవిడ మాట వింటోంది. నా చెవులు మాత్రం ఎవరి మాటా వినడం లేదు. అంతకుమించి చెప్పుకోదగ్గ జబ్బులేమీ లేవు. అక్కడ మీరిద్దరూ చల్లగా ఉన్నారని తలుస్తాను. అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పలేనమ్మా. నేను రెండో మాటలోకి దిగకముందే నీకు మీటింగు వచ్చిపడుతుంది. పైగా ఇవాళ నాకున్న సంతోషానికి ఫోన్లోనే ఏడ్చేస్తే, నాకేదో అయిందని నువ్వు కంగారుపడతావు. కాగితమైతే ఆ బాధ లేదు. నేను ఏడ్చినా నీకు వినబడదు.

పోయిన వారం నువ్వు ఆ మాట అన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. పిచ్చుకని నెలాఖరుకి మూసేద్దామనుకుంటున్నాం నాన్నా అన్నావు. ఎంత మామూలుగా అన్నావో! ఇంట్లో పాత కుర్చీ తీసేస్తున్నాం అన్నట్టు అన్నావు. నీ గొంతు నాకు తెలియదా? మీరు ముగ్గురు స్నేహితులు ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవులన్నీ దానికే ధారపోసి కట్టుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ అది. జనం పాతబడిపోయాయని మూలన పడేసిన కంప్యూటర్లని మళ్లీ లేపి నడిపిస్తుంది. కంప్యూటరు బస్సయితే పిచ్చుక దాని డ్రైవరు నాన్నా అని నువ్వు నాకు అర్థమయ్యేలా చెప్పావు చూడు, ఆ రోజు నుంచీ అది నాకు మా డిపోలో మనిషే. బస్సు నడిపి రిటైరైనవాణ్ణి, తోటి డ్రైవరుని పనిలోంచి తీసేస్తారంటే ఎలా ఊరుకుంటాను?

నీ బాధేమిటో కూడా నాకు తెలుసు. పిచ్చుకని పెట్టుకున్న వాళ్లు నాలుగు రోజులు చూసి తీసేస్తున్నారు, ఎందుకు తీసేశారో చెప్పరు. ఎలా ఉందో చెప్పండి అని మీరు ఒక పేజీ పెడితే, అక్కడికొచ్చేది కంప్యూటరు పండితులే. అంతా దివ్యంగా ఉంది, అక్షరాలు ఇంకాస్త చిన్నవి చెయ్యండి అని పోతారు. మామూలు మనుషుల కోసం కట్టాం, ఒక్కరు తప్ప మామూలు మనుషులే లేరు, ఇక ఎవరి కోసం నాన్నా అన్నావు. నాకప్పుడు నోటిదాకా వచ్చింది. మింగేశాను. మాటిచ్చాను మరి.

ఇప్పుడు కొంత చెబుతాను. ఆ పేజీలో ఒకావిడ చెత్తబుట్ట గురించి ఫిర్యాదు రాసిందన్నావు గుర్తుందా? కుట్టుపని చేసుకునే మనిషినని తప్ప పేరు కూడా రాయలేదన్నావు. ఆవిడ నాకు తెలుసు. ఆ కంప్యూటర్లో పిచ్చుకని పెట్టింది నేనే. ఎవరు, ఎక్కడ అని అడక్కు, చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

ఆవిడకి ఎవరో పారేయబోయిన పాత కంప్యూటరు ఒకటి ఇచ్చారు. నువ్వు నా దగ్గర వదిలిపెట్టిన బుల్లి పుల్ల, అదే పెన్‌డ్రైవు, పట్టుకెళ్లి, నువ్వు నేర్పినట్టే చేసి, పిచ్చుకని ఎక్కించాను. అది లేచి కళ్లు తెరిచేసరికి నా ఛాతీ చూడాలి! తోడొచ్చిన మీ అమ్మ, చొక్కా గుండీలు ఊడేలా ఉన్నాయి, ఇక్కడే కుట్టించుకుని వెళదాం అంది. రోజూ సాయంత్రం టీ తాగి వెళ్లి నాకు తెలిసింది నేర్పేవాణ్ణి. నాకు తెలిసింది ఎంతని? ఆపడం కూడా సరిగ్గా తెలియదు. బస్సుకి తాళంచెవి తిప్పితే ఆగిపోతుంది. పిచ్చుకని ఆపే గుర్తు మీరు ఏ మూల దాచారో నాకు దొరకలేదు. వెనక నుంచి వైరు పీకేవాణ్ణి. మర్నాడు అది, నిన్న నన్ను సరిగ్గా మూయలేదు అని తెర మీద రాసేది. పొరపాటైందమ్మా, ఈసారికి క్షమించు అన్నాను పైకే. మీ అమ్మ వినేసింది. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఒక్కసారైనా చెప్పని మాట ఆ పెట్టెకి చెబుతున్నారా అని అక్కడే కడిగేసింది.

ఆవిడ మాత్రం త్వరగా పట్టేశారు. ఒక ఆసుపత్రి వాళ్లు నర్సుల కోట్లు కుట్టమని ఆవిడకి అప్పగించారు. అంత పెద్ద పని ఆవిడ చేతికి రావడం అదే మొదటిసారి. ఒక్కొక్క నర్సుకి ఒక్కొక్క కాగితం, భుజం, చెయ్యి, పొడవు, నడుము, అన్నీ పిచ్చుకలో రాసుకున్నారు. అంతవరకు బాగానే ఉంది. ఒక సెలవు రోజు తర్వాత తెరిచి చూస్తే సగం కాగితాలు లేవు.

ఏమైందో తెలుసుకోవడానికి మాకు చాలాసేపు పట్టింది. ఆవిడ గదిలో మిషను పక్కన, కుడిచేతి కింద, ఒక బుట్ట ఉంటుంది. కాలరు వెయ్యనివీ, గుండీలు కుట్టనివీ అందులో పడతాయి. పూర్తయిన బట్ట మడతపడి అరలోకి పోతుంది. బుట్ట అంటే ఆవిడకి రేపటి పని. పిచ్చుక తెర మీద కూడా కింద కుడిపక్కన బుట్ట బొమ్మ ఉంది కదా! కొలతలు పూర్తికాని కాగితాలన్నీ శ్రద్ధగా అందులో వేసుకున్నారు. మీరేమో పాత కంప్యూటర్లలో చోటు తక్కువని, వారానికోసారి ఆ బుట్ట దానంతటదే ఖాళీ అయ్యేలా చేశారు. ఆవిడ రేపటి పని మీ చెత్తలో పోయింది.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. నాకు చదువు లేకపోవడం వల్లే ఇలా అయిందన్నారు. మళ్లీ ఆసుపత్రికెళ్లి, డ్యూటీలో ఉన్న నర్సుల్ని ఒక్కొక్కర్నీ బతిమాలి టేపు పట్టుకోవాలి. పని చేతకాని మనిషని వాళ్లు వెనక్కి తీసేసుకుంటే? ఆ కంప్యూటరు మీద ఒక గుడ్డ కప్పేసి, సుద్దముక్క తీసుకుని గోడ మీద కొలతలు రాయడం మొదలుపెట్టారు.

చేసినవాళ్లకి రాద్దాం, చెబితేనే కదా తెలిసేది అని నేను పోరు పెట్టాను. మన మాట ఎవరు చదువుతారు అన్నారావిడ. చివరికి, రాస్తాను గానీ నా పేరు మాత్రం ఎక్కడా ఉండకూడదు, మీరూ ఎవరికీ చెప్పకూడదు అని నా దగ్గర మాట తీసుకుని తన ఫోన్లో రాశారు. తప్పు నాదేనని మొదలుపెట్టి నాలుగు ముక్కల్లో ముగించారు.

నువ్విచ్చిన జవాబు నీకు గుర్తుందో లేదో, ఇక్కడ మాకు కంఠతా వచ్చేసింది. బుట్టంటే చెత్తబుట్ట అని నువ్వు పాఠం చెప్పలేదు. తప్పు మీది కాదు, మా బొమ్మది అన్నావు. నేను మళ్లీ చెప్పేదాకా ఆ కంప్యూటర్ని వాడకండి, పోయినవి ఇంకా లోపల ఉండొచ్చు అన్నావు. తర్వాత ఒక ప్రశ్న అడిగావు: "మీ గదిలో సగంలో ఉన్న పని ఎక్కడ పెట్టుకుంటారు? మీకు వీలైతే ఆ గది ఎలా ఉంటుందో చెబుతారా?"

ఆవిడ అది చదివి నా వైపు తిరిగారు. "అన్నయ్యగారూ, నా గది ఎలా ఉంటుందని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు" అన్నారు.

ఆ తర్వాత మీ ఇద్దరి మధ్యా నడిచిన రాతకోతలు నీకు తెలిసినవే. మిషను ఏ పక్కన, కిటికీ ఏ పక్కన, కత్తెర ఎక్కడ తగిలిస్తారు, అన్నీ అడిగావట. ఆవిడ ఫోన్లో రాసుకుంటూ తనలో తను నవ్వుకునేవారు. నన్ను మాత్రం ఆ పక్కకి రానివ్వలేదు. ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే మీకేం పని అంది మీ అమ్మ.

ఇక నిన్నటి సంగతి. మీ కొత్త పిచ్చుక వచ్చింది. ఎక్కించడానికి నన్ను పిలిచారు. మొదటిసారి ఘాట్ రోడ్డు ఎక్కిన రోజు కూడా అంత భయపడలేదమ్మా. లేచింది. అక్షరాలు పెద్దవయ్యాయి! నేను తెరకి ముక్కు ఆనించకుండా చదివాను. కుడిపక్క కింద చెత్తబుట్ట లేదు. ఆ చోట ఒక అర, దాని మీద 'సగం పనులు' అని రాసి ఉంది. చెత్త ఎక్కడో పై మూలకి పోయింది, దాన్ని ఖాళీ చెయ్యాలంటే అది మనల్ని అడగాల్సిందే. తర్వాత, పోయినవి వెతకమంటారా అని అడిగింది. ఆవిడ వెతకమన్నారు. నేనూ ఆవిడా మీ అమ్మా తెర మీదికి వంగాం. ఒకటి వచ్చింది. ఇంకొకటి వచ్చింది. తర్వాత వరసగా నర్సులందరూ డ్యూటీకి వస్తున్నట్టు వచ్చారు! కొన్ని రాలేదులే, అబద్ధం ఎందుకు చెప్పను? రెండు మూడు కాగితాలు చిరిగినట్టు సగం సగమే వచ్చాయి. కానీ వచ్చినవి చాలు, ఆవిడ పని నిలబడింది. కోట్లు గడువులోగా ఇచ్చేస్తానని ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేశారు. మీ అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, ఇప్పుడెందుకు ఏడుస్తున్నావే అని అడుగుదామనుకున్నాను. నా సంగతే బాగాలేక ఊరుకున్నాను.

ఇప్పుడు నా మాట విను. నేను అంత చదువుకున్నవాణ్ణి కాదు, నీ లెక్కలు నాకు తెలియవు. కానీ బస్సెక్కే మనుషులు నాకు తెలుసు. నచ్చక దిగిపోయేవాడు ఏమీ మాట్లాడడు, మర్నాడు వేరే బస్సు చూసుకుంటాడు. నా స్టాపులో ఎందుకు ఆపలేదని మీద పడి పోట్లాడేవాడు ఉంటాడు చూడు, వాడు రేపు కూడా మన బస్సే ఎక్కుతాడు. పోట్లాడే మనిషి ఒకరు దొరికారు నీకు. ఇంకా వస్తారు. వాళ్లకి నీ పేజీ దొరకడమే కష్టమమ్మా, అది ఎక్కడో లోపల్లోపల దాచారు. ఎదురుగా పెట్టండి, అద్దం పక్కన హారన్ పెట్టినట్టు చేతికి అందేలా పెట్టండి. ఆపే గుర్తు కూడా బయటికి తెండి, లేకపోతే నేను ఇంకా వైర్లు పీకుతూనే ఉంటాను. ఇంకోటి, తప్పు జరిగినప్పుడు వచ్చే ఆ ఎర్ర అక్షరాలు చూస్తే పోలీసులు బండి ఆపినట్టు ఉంటుంది, కాస్త మెత్తని రంగు వెయ్యకూడదూ? హారన్ సలహా తిక్కగా ఉందంటే వదిలెయ్, మీ అమ్మ కూడా అదే అంది.

మూసేయడం, నడపడం మీ ముగ్గురి ఇష్టం. నేను శాసించేవాణ్ణి కాదు. నువ్వు చేసిన పని ఒక మనిషికి అందింది, నేను కళ్లారా చూశాను. అది నీకు చెప్పకుండా నెలాఖరు దాటనిస్తే తండ్రినే కాను. నా తల్లే, ఎంత గర్వంగా ఉందో రాయడానికి నాకు మాటలు చాలడం లేదు, కాగితం కూడా అయిపోవచ్చింది.

అమ్మ నిన్ను వేళకి తినమంది, కుర్చీలో వంగి కూచోవద్దంది.

ఎప్పటికీ నీ బండిలో మొదటి సీటు నాదే అనుకునే
మీ నాన్న

తా.క. ఉత్తరం అంటించేముందు ఆవిడ దగ్గరికి పరుగెత్తి, నాకు కడుపుబ్బిపోతోంది, పేరు చెప్పేస్తానన్నాను. చేతిలో బట్ట పక్కన పెట్టి, సరే చెప్పండి అన్నారు. తల్లీ, ఆవిడ మీ అత్తగారు. అవును, మీ అత్తగారే. నువ్వు మొదటిసారి పిచ్చుకని చూపిస్తే, ఉన్న కంప్యూటర్లు చాలవనా ఇంకొకటి అని మొహం తిప్పేసుకున్న మనిషే. నువ్వు చూసినప్పుడు మిషను ఇంట్లో ఉండేది, ఇప్పుడు విడిగా గది తీసుకున్నారు, అందుకే నువ్వు ఆనవాలు పట్టలేకపోయావు. పేరు ఎందుకు దాచారని ఇవాళ అడిగాను. "అత్తనని తెలిస్తే మొహమాటానికైనా చేస్తుంది అన్నయ్యగారూ. ముక్కూమొహం తెలియనిదాని మాట కూడా పట్టించుకుంటుందా అని చూశాను. పట్టించుకుంది" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు సూదిలో దారం ఎక్కిస్తూ కూచున్నారు, అది ఎక్కలేదు. నేను లేవబోతుంటే, కొలతల్లో అర అంగుళం గుర్తు ఎక్కడుందో దొరకడం లేదు, ఇంకో ఫిర్యాదు రాస్తున్నాను అన్నారు. నెలాఖరు తర్వాత అక్కడ చదివేవాళ్లు ఉంటారో లేదో తెలియదని చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని కీబోర్డు ముందుకి లాక్కున్నారు. "మా కోడలు చదువుతుంది" అన్నారు.