గుడ్డ తీసిన కుర్చీ

తిరుపతి

ప్రియమైన కరుణక్కకు తమ్ముడు దావీదు వందనాలు. బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? పిల్లలు బాగున్నారా? ఉత్తరం చిత్తూరు నుంచి కాకుండా తిరుపతి నుంచి వచ్చిందని కంగారుపడకు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ ముసురు వదలడం లేదు. హోటల్ తిండి సయించక మన గూడూరు నిమ్మకాయ ఊరగాయ మీదికి మనసు పోతోంది. వచ్చేవాళ్లుంటే కొంచెం పంపు.

ఫోన్లో చెప్పే మాట కాదని రాస్తున్నాను. మా బిషప్ గారు పోయిన సంగతి నీకు తెలుసు. ఆస్పత్రిలో చివరిదాకా ఆయన దగ్గర ఉన్నది నేనే. గుడి పని చూసేవాణ్ణి గనుక, తిరిగొచ్చి ఆయన కుర్చీకి తెల్లగుడ్డ కప్పాను. కొత్త బిషప్‌ను ఎన్నుకొని, ప్రార్థన చేసి కూర్చోబెట్టేదాకా అందులో ఎవరూ కూర్చోకూడదు. అందులో కూర్చున్నవారి మాటే జిల్లాలోని మన గుళ్లన్నిటికీ చెల్లుతుంది.

ఒక ఆదివారం పెద్ద పాస్టరు జయరాజు అయ్యగారు ఆరాధన మధ్యలో ఆ గుడ్డ తీసి కూర్చున్నారు. మరుసటి వారం ఆయన లోపలికి రాగానే ముందు వరుస లేచి నిలబడింది. ఆ పై వారం అందరూ లేచారు. నేనూ లేచానక్కా.

తర్వాత నన్ను పిలిపించారు. కుర్చీలోంచి లేవకుండానే అడిగారు.

"దావీదూ, బిషప్ గారు పొయ్యేముందు నా పేరే చెప్పినారు గదప్పా? నువ్వు ఆడే ఉంటివి."

ఆయనకు మాట పడిపోయిందని చెప్పాను.

"ఆదివారం అందరి ముందర చెప్పు. నువ్వుండే గది గుడిదే గదా," అన్నారు. కోప్పడలేదు. అందుకే భయమేసింది.

ఆ వారమంతా నా గది ఎదుట ఇద్దరు మనుషులు నిలబడి ఉండేవారు. పలకరిస్తే నవ్వేవారు, మాట్లాడేవారు కాదు.

ఆదివారం నన్ను ముందుకు పిలిచి, కుర్చీ పక్కన నిలబెట్టి మైకు ఇచ్చారు. "బిషప్ గారికి మాట పడిపోయింది. ఎవరి పేరూ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకొని పోయారు," అన్నాను.

అయ్యగారు కుర్చీలోంచి లేవలేదు. నా చేతిలోని మైకు మెల్లగా తీసుకొని పాట నంబరు చెప్పారు. అందరూ లేచి పాడారు.

బయటికొస్తుంటే ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నిజమే చెప్పినావు నాయనా. ఇంక ఈడ ఉండొద్దు," అంది. గదికి వెళ్లేసరికి సామాను వాకిట్లో ఉంది, తలుపుకు కొత్త తాళం ఉంది.

ఇక్కడ ఒక లాడ్జిలో పని దొరికింది. నాకేం ఫరవాలేదు, నిజంగా బాగానే ఉన్నాను. కానీ నిన్న ఎవరో ఇద్దరు లాడ్జికి వచ్చి, మా అక్కది ఏ ఊరని అడిగి వెళ్లారట.

బావకూ పెద్దమ్మకూ నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నా కోసం ప్రార్థన చేయండి. తలుపులు గడియ పెట్టుకొని పడుకోండి.

నీ తమ్ముడు,
దావీదు