నడిరోడ్డు మీద వంట

దిల్‌సుఖ్‌నగర్,
20 జనవరి 2010

ప్రియమైన బావకి,

ఫోన్‌లో "తిన్నావా" అనేలోపే లైన్ పోతోంది. ఇక లాభం లేదని కాగితం పట్టుకున్నాను. నువ్వు మిలిటరీ తరఫున శాంతిసేనలో సూడాన్ పోయి రోడ్లు వేస్తున్నావు. ఇక్కడ మేం తెలంగాణ కోసం రోడ్లు బంద్ చేస్తున్నాం. మొగుడు వేసేవాడు, పెళ్లాం ఆపేది. మంచి జోడీ!

నేను బాగానే ఉన్నాను. ఏప్రిల్ చివర్లో కాన్పు అని మలక్‌పేట దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. బస్సులు లేని రోజు మన ఇంటి ఓనరు త్రినాథరావు అంకులే నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లాడు. ఆయన భార్య సూర్యప్రభ ఆంటీ మాత్రం నాతో మాట్లాడటం లేదు. ఆమధ్య నేను ధర్నా నుంచి రాగానే మెట్ల దగ్గర ఆపింది. "తెనాలి నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్లయింది అమ్మాయ్. మీ రాష్ట్రం మీకొస్తే మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటావు?" అంది. నాకూ రోషం వచ్చింది. "నేనెక్కడ పొమ్మన్న ఆంటీ? మా నీళ్లు, మా కొలువులు మాకు గావాలంటున్న, గంతే" అన్నాను. ఆ రోజు నుంచి పిట్టగోడ మీదుగా వచ్చే పప్పుచారు గిన్నె బందైంది. పప్పుచారు పోతే పోనీ, ఆమె ముఖం తిప్పుకుంటే నాకు ఏడుపొస్తోంది.

కాన్పు నాటికి నువ్వు నా పక్కన ఉండాలి. ఇంకేమీ అడగను.

నీ స్వప్న


దక్షిణ సూడాన్ క్యాంపు నుంచి,
8 ఫిబ్రవరి

ప్రియమైన స్వప్నకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సెలవు గురించి మేజర్ సాబ్‌ను అడిగితే ఒక్కటే మాట అన్నాడు: "రోడ్డు పూర్తి చెయ్, ఇంటికి పో." రోడ్డు పూర్తయ్యే దారే కనబడటం లేదు.

ఇక్కడ రెండు ఊళ్లున్నాయి. యుద్ధంలో ఒకరి గుడిసెలు ఒకరు తగలబెట్టుకున్నారు. ఇద్దరికీ ఉన్నది ఒక్కటే దవాఖాన. దానికి పోయే దారి బాగుచేయడం మా పని. మట్టి మా బుల్డోజరు తోస్తుంది. దారి కింద వాననీళ్లు పోయే మోరీలకు రాళ్లు మోయడం, పేర్చడం మాత్రం రెండు ఊళ్లవాళ్లూ కలిసి చేయాలి. తమ చేత్తో కట్టుకున్నదాన్నే జనం కాపాడుకుంటారని ఈ పద్ధతి పెట్టారు. వీళ్లు వస్తే వాళ్లు రారు, వాళ్లు వస్తే వీళ్లు వెనక్కి తిరుగుతారు. ఏప్రిల్ చివర వానలు మొదలైతే ఈ నల్లమట్టిలో బండి కాదు కదా, మేక కూడా నడవదు. ఆలోపు కాకపోతే మిషన్లు ఇంకో చోటికి పోతాయి, నా సెలవు గంగలో కలుస్తుంది.

కలిసి తింటే కలుస్తారని మొన్న విందు పెట్టాం. మేమే వండినా, అవతలి ఊరివాళ్లు చాటుగా విషం కలిపారేమోనని ఒక్కరూ ముట్టలేదు. వండిందంతా మేమే తిన్నాం. నాకు దిక్కు తోచడం లేదు.

నీ మహిపాల్


దిల్‌సుఖ్‌నగర్,
24 ఫిబ్రవరి

ప్రియమైన బావకి,

ముందు నవ్వుకో, తర్వాత దిగులుపడు. ఎల్‌బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టాం. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తినాలి. అదే మా నిరసన. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పెత్తనం ఇచ్చారు. ఇద్దరికి వండే దాన్ని, ఊరందరికీ ఎసరు ఎంతో నాకేం తెలుసు? ఆటో నడిపే సైదులన్న "ఇంక పొయ్యాలె అక్కా, పొయ్యాలె!" అని బిందెల కొద్దీ పోశాడు. డేగిసలో అన్నం కాస్తా జావయింది.

అప్పుడే అంకుల్ స్కూటర్ మీద ఆంటీ వచ్చింది, కడుపుతో ఉన్నదాన్ని ఎండలో కూర్చోబెట్టారని నన్ను ఇంటికి లాక్కుపోవడానికి. డేగిసలోకి తొంగిచూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో అయ్యో! ఇది అన్నమా, గోడలకేసే సున్నమా?" కొంగు నడుముకు చుట్టి, సైదులన్న చేతిలో తెడ్డు లాక్కుంది. "మీ తెలంగాణ వస్తే రానీ, లేకపోతే పోనీ! బియ్యం ఇలా పాడుచేస్తే మాత్రం నేనూరుకోను" అంది. రెండో డేగిస తనే ఎక్కించి పులిహోర కలిపింది. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్లు కూడా మారు అడిగారు. సైదులన్న "జై ఆంటీ" అంటే చౌరస్తా అంతా అందుకుంది. ఆంటీ సిగ్గుపడి అంకుల్ వెనక దాక్కుంది.

ఇంటికొచ్చేటప్పుడు "నన్ను పొమ్మనరుగా?" అని అడిగింది. "నువ్వు పోతే మాకు వండేదెవరు ఆంటీ?" అన్నాను. తెల్లారేసరికి పిట్టగోడ మీద గిన్నె ఉంది.

అందుకే చెబుతున్నాను బావా. నువ్వు వాళ్లకు బాగా వండి పెట్టావు, అదే నీ తప్పు. చెడగొట్టి చూడు. చెడిపోయే వంటను చూస్తూ ఏ ఆడదీ చేతులు కట్టుకుని నిలబడదు.

నీ స్వప్న


క్యాంపు,
16 మార్చి

ప్రియమైన స్వప్నకు,

నీ తెలివికి దండం. నలుగురు జవాన్లతో సగం వేసిన రోడ్డు మధ్యలో పొయ్యి పెట్టాను. ఇక్కడి తిండి జొన్నపిండి ఉడికించి తెడ్డుతో కలిపేదే, మన గట్క అనుకో. అమ్మ చేతి గట్క తిని పెరిగినవాణ్ని, కావాలని ఉండలు కట్టించడం ఎంత కష్టమో నాకు తెలిసొచ్చింది! అటు గట్టు మీద ఆ ఊరి ఆడవాళ్లు, ఇటు ఈ ఊరివాళ్లు చేరి ఒకటే నవ్వు. కాసేపటికి ఇటు నుంచి ఒక ముసలమ్మ వచ్చి నన్ను పక్కకు తోసి తెడ్డు తీసుకుంది. ఆమె కలిపే తీరు అటువైపు ఒకావిడకు నచ్చలేదు. అరుచుకుంటూ వచ్చి తనూ అదే తెడ్డు పట్టుకుంది. "ఏమంటున్నారు?" అని దుబాసీని అడిగాను. "పిండి ముందా, నీళ్లు ముందా అని కొట్లాట సార్. యుద్ధం తర్వాత వీళ్లు మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి" అన్నాడు.

ఇద్దరి చేతులూ తెడ్డు మీద ఉన్నాయి, ఇక విషమన్న అనుమానం ఎవరికి? అందరూ తిన్నారు. మరునాటి నుంచి రాళ్లు వస్తున్నాయి. మమ్మల్ని పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు, నీళ్లు మోయడమే మా ఉద్యోగం.

కానీ చివరి మోరీలు మిగిలాయి, మబ్బులు కమ్ముతున్నాయి. వస్తానని మాట ఇవ్వలేను స్వప్నా. ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

నీ మహిపాల్


దిల్‌సుఖ్‌నగర్,
1 ఏప్రిల్

ప్రియమైన బావకి,

నల్లగొండ నుంచి అమ్మ వచ్చింది. అమ్మకూ ఆంటీకీ నా పథ్యం మీద రోజూ పంచాయితీ. "వంకాయ పెట్టకండి వదినగారూ" అని ఆంటీ, "మా దిక్కు పెడ్తరమ్మా" అని అమ్మ. మధ్యలో నాకు ఆకలి.

కాన్పు కొంచెం ముందే కావచ్చని డాక్టరమ్మ అంటోంది. రాత్రంతా ఏడ్చాను, దాచను. అయినా రోడ్డు సగంలో వదిలేసి రాకు. అక్కడా నాలాంటి వాళ్లు దవాఖానకు పోవాలి కదా. ధైర్యంగానే ఉంటాను. కానీ నువ్వుంటే బాగుండు.

నీ స్వప్న


క్యాంపు,
14 ఏప్రిల్

ప్రియమైన స్వప్నకు,

నిన్న పని దగ్గర నీ ఉత్తరం చదువుతుంటే కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. ముసలమ్మ చూసి దుబాసీని పిలిచి ఆరా తీసింది. తర్వాత గబగబా అవతలి ఊరివైపు నడిచింది.

ఈ ఉదయం బుల్డోజరు కదలలేదు. రెండు ఊళ్ల ఆడా మగా, పిల్లలతో సహా రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. గొడవ మళ్లీ మొదలైందని మేజర్ సాబ్ పరుగున వచ్చాడు. ముసలమ్మ లేచి నన్ను చూపించి ఏదో గట్టిగా చెప్పింది. దుబాసీ నవ్వాపుకోలేక చెప్పాడు: "ఇతని భార్య కనబోతోందట. మిగిలిన రాళ్లు మేమే మోసుకుంటాం, ఇతన్ని ఇంటికి పంపేదాకా లేవం అంటున్నారు సార్."

మేజర్ సాబ్ అందరినీ ఒకసారి చూశాడు. "వీళ్లను ఒక్క మాట మీదికి తేవడానికే కదా మనం వచ్చింది? వచ్చేశారు. ఇక సామాను సర్దుకో" అన్నాడు.

యుద్ధం తర్వాత ఈ రెండు ఊళ్లూ కలిసి కోరింది ఇదొక్కటే స్వప్నా: నేను వెళ్లిపోవాలని. నన్ను ఇంత ప్రేమగా ఎవరూ ఎప్పుడూ వెళ్లగొట్టలేదు.

బయలుదేరుతున్నాను.

నీ మహిపాల్